అయస్కాంత క్షేత్రంలో ఫెర్రోఫ్లూయిడ్ తలతన్యత: ఏ రీడింగ్ నమ్మాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మీ దగ్గర కిరోసిన్‌లో అతిచిన్న మ్యాగ్నటైట్ (ఇనుప ఆక్సైడ్) రేణువులు కలిపిన ఫెర్రోఫ్లూయిడ్, అంటే అయస్కాంతానికి స్పందించే ద్రవం, ఉంది. అయస్కాంతం లేనప్పుడు రింగ్ టెన్షియోమీటర్ (ద్రవంలోంచి రింగ్‌ని పైకి లాగే బలంతో తలతన్యత కొలిచే పరికరం) 26 మిల్లీన్యూటన్/మీటర్ చూపించింది. పెట్రీ డిష్ కింద నియోడిమియం అయస్కాంతం పెట్టగానే అది 34 అయింది. అదే ద్రవాన్ని సూది చివర వేలాడే చుక్కగా తీసి, నిలువు క్షేత్రంలో ఫొటో పట్టి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే 19 వచ్చింది. క్షేత్రం వల్ల తలతన్యత పెరిగిందా తగ్గిందా, పేపర్లో ఏ అంకె రాయాలి అని అడిగారు.

34 తలతన్యత కాదు, 19 కూడా కాదు. మీ పరికరాలు చెడిపోలేదు, కొలవడంలో మీరు తప్పేమీ చేయలేదు. ఆ రెండు పరికరాల వెనకున్న లెక్కలో రెండే బలాలున్నాయి: గురుత్వం, తలతన్యత. మీరు మూడో బలాన్ని తెచ్చి పెట్టారు. దాని సంగతి పరికరానికి తెలియదు కాబట్టి ఆ బలాన్ని కూడా తలతన్యత ఖాతాలోనే వేసి అంకె ఇచ్చింది.

ఆ మూడో బలం ఎంత పెద్దదో చూడండి. 1 మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న చుక్క, తలతన్యత 25 మిల్లీన్యూటన్/మీటర్ అనుకుందాం. తలతన్యత వల్ల చుక్క లోపల పెరిగే పీడనం 50 పాస్కల్. ఇప్పుడు చుక్క అయస్కాంతీకరణ, అంటే ద్రవం తానే ఎంత అయస్కాంతంగా మారిందన్న కొలత, మీటరుకు 6 కిలోఆంపియర్లకు చేరిందనుకోండి. మామూలు ఫెర్రోఫ్లూయిడ్‌కి 100 గాస్ ప్రాంతంలోనే అది వచ్చేస్తుంది. క్షేత్రానికి ఎదురుగా ఉన్న చుక్క కొనల దగ్గర ఉపరితలాన్ని బయటికి లాగే అయస్కాంత పీడనం సుమారు 23 పాస్కల్. చుక్క నడుము దగ్గర ఉపరితలం క్షేత్రానికి సమాంతరంగా ఉంటుంది, అక్కడ ఈ లాగుడు సున్నా. 50తో పోలిస్తే 23 చిన్న సవరణ కాదు. పైగా ఈ పీడనం అయస్కాంతీకరణ వర్గంతో పెరుగుతుంది. 400 గాస్ రకం ద్రవం పూర్తిగా సంతృప్తమైతే, అంటే అయస్కాంతీకరణ ఇక పెరగలేని గరిష్ఠానికి చేరితే, ఈ అంకె 600 పాస్కల్ దాటిపోతుంది.

మీ చుక్కకు జరిగింది ఇదే. నిలువు క్షేత్రంలో చుక్క కిందికి సాగింది. గురుత్వమే దాన్ని అంతలా లాగింది, అంటే తలతన్యత తక్కువ అని సాఫ్ట్‌వేర్ తేల్చింది. ఒకసారి క్షేత్రాన్ని అడ్డంగా తిప్పి చూడండి. చుక్క పక్కలకు సాగుతుంది, గుండ్రని సౌష్ఠవం పోతుంది, కెమెరాను ఏ పక్కన పెట్టారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ద్రవం గుణమైతే కెమెరా ఎక్కడుందో దానికి అక్కర్లేదు కదా. ఈ పరీక్షను నేను ఎవరికైనా మొదట చెబుతాను: క్షేత్రం దిశ మార్చండి, చుక్క పరిమాణం మార్చండి. వచ్చిన విలువ వాటితో పాటు మారుతోందంటే అది తలతన్యత కాదు, మీ అమరిక తాలూకు అంకె.

రింగ్ సంగతి ఇంకాస్త చిక్కు. అయస్కాంతాన్ని డిష్ కింద పెడితే క్షేత్రం ఏకరీతిగా ఉండదు, పైకి పోయేకొద్దీ వేగంగా పడిపోతుంది. సెంటీమీటరుకు 100 గాస్ చొప్పున, అంటే మీటరుకు 1 టెస్లా చొప్పున, తగ్గుతోందనుకోండి. మీటరుకు 10 కిలోఆంపియర్ల అయస్కాంతీకరణ ఉన్న ద్రవంలో ప్రతి ఘనమీటరు మీదా సుమారు 10,000 న్యూటన్ల బలం కిందికి పనిచేస్తుంది. సాంద్రత ఘనమీటరుకు 1000 కిలోలైతే దాని అసలు బరువే 9,810 న్యూటన్లు. అంటే మీ ద్రవం ఒక్కసారిగా రెట్టింపు బరువైంది. రింగ్ పైకి ఎత్తే ద్రవపు గోడ ఆకారం ఈ బరువును బట్టే ఉంటుంది. ఆ గోడ క్షేత్రం దిశలో నిలువుగా సాగి రింగ్‌ని పట్టుకునీ ఉంటుంది. రింగ్ రీడింగ్‌ని సవరించడానికి వాడే హార్కిన్స్-జోర్డాన్ పట్టిక గానీ, జుయిడెమా-వాటర్స్ సూత్రం గానీ మామూలు గురుత్వంలో, మామూలు ద్రవానికి కట్టినవి. ఇక్కడ ఏదీ వర్తించదు. రింగ్ చుట్టుకొలత 6 సెంటీమీటర్లయితే 25 మిల్లీన్యూటన్/మీటర్ ద్రవానికి మొత్తం లాగుడు 3 మిల్లీన్యూటన్లు, అంటే 300 మిల్లీగ్రాముల బరువంత. ఇంత చిన్న బలం మీద అయస్కాంతం ప్రభావం పడితే రీడింగ్ ఎటైనా పోతుంది.

ఇంకొకటి కూడా చూసుకోండి. చాలా ఎలక్ట్రానిక్ టెన్షియోమీటర్ల తూకం లోపలే ఒక శాశ్వత అయస్కాంతం, కాయిల్ ఉంటాయి. బయటి క్షేత్రం అక్కడిదాకా పాకితే ద్రవం లేకుండానే సున్నా జరుగుతుంది. డిష్ తీసేసి, ఒట్టి రింగ్ వేలాడదీసి, అయస్కాంతాన్ని అదే చోట పెట్టి రీడింగ్ చూడండి. రెండు నిమిషాల పని.

ఇక సరిగ్గా కొలవడం ఎలా అన్నది. నాకు బాగా నచ్చే పద్ధతిలో పరికరంతో పోట్లాడం, క్షేత్రం ద్రవం మీద చేసే పనినే కొలతగా వాడుకుంటాం. ఫెర్రోఫ్లూయిడ్ పొరకు లంబంగా ఏకరీతి క్షేత్రాన్ని నెమ్మదిగా పెంచుతూ పోతే, ఒక హద్దు దాటగానే చదునుగా ఉన్న ఉపరితలం నుంచి ముళ్లు లేస్తాయి. ఇది ఎందుకు, ఎప్పుడు జరుగుతుందో 1967లో కౌలీ, రోజెన్‌స్వైగ్ లెక్కగట్టారు. అప్పటికి ఈ ద్రవాలు పుట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. సున్నా గురుత్వంలో రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో కదిలించాలని నాసా లూయిస్ కేంద్రంలో స్టీవ్ పాపెల్ 1963 ప్రాంతంలో తయారుచేసినవి అవి. కౌలీ, రోజెన్‌స్వైగ్ తేల్చిన విషయం ఇది: ముళ్లు మొదలయ్యే క్షణంలో వాటి తరంగదైర్ఘ్యంలో అయస్కాంత గుణాల ఊసే ఉండదు. సాంద్రత, గురుత్వం, తలతన్యత, అంతే.

తలతన్యత = సాంద్రత × 9.81 × (తరంగదైర్ఘ్యం)² ÷ 39.5

తలతన్యత 25 మిల్లీన్యూటన్/మీటర్, సాంద్రత 1000 అయితే తరంగదైర్ఘ్యం సరిగ్గా 10 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. స్కేలుతో కొలిచేంత పెద్దది! ఎంఐటీలో మార్కస్ జాన్ బృందం 2005లో ఇదే పద్ధతిలో, రకరకాల ద్రవాలతో ఫెర్రోఫ్లూయిడ్ కలిసే అంచుల దగ్గర తలతన్యత కొలిచి చూపించింది. రెండో ద్రవం గాలి కాకపోతే సాంద్రత బదులు రెండింటి సాంద్రతల తేడా వేయాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ముళ్లు తేనెపట్టు గదుల్లా షడ్భుజాకారంలో సర్దుకుంటాయి. ఫొటోలో ఒక ముల్లు నుంచి పక్క ముల్లుకు దూరం కొలవడం ఎవరికైనా సహజం. కానీ సూత్రంలోని తరంగదైర్ఘ్యం అది కాదు, ముళ్ల వరుసకీ వరుసకీ మధ్య ఉన్న దూరం. షడ్భుజంలో వరుసల దూరం ముళ్ల దూరానికి 0.866 వంతు. మీరు ముళ్ల దూరం వేస్తే, వర్గం చేసేసరికి జవాబు మూడింట ఒక వంతు ఎక్కువొస్తుంది. 26 రావలసిన చోట 35 వస్తుంది. ఆ 35ని చూసి "క్షేత్రంలో తలతన్యత పెరిగింది" అని రాసేయడం ఎంత తేలికో ఆలోచించండి. ఒక్క జత ముళ్ల మధ్య కాకుండా, పది వరుసల అవతలి దాకా కొలిచి భాగించండి. లేదా ఫొటోకి ఫూరియే రూపాంతరం (చిత్రంలో పదేపదే వచ్చే దూరాలను విడదీసి చూపే లెక్క) చేస్తే తరంగసంఖ్య (2π ÷ తరంగదైర్ఘ్యం) నేరుగా వస్తుంది, ఈ గందరగోళమే ఉండదు.

క్షేత్రం మాత్రం ఏకరీతిగా ఉండి తీరాలి. శాశ్వత అయస్కాంతం మీద లేచే ముళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఈ కొలతకు పనికిరావు. పైన చెప్పినట్టు ప్రవణత (క్షేత్రం ఎత్తుతో పాటు మారే వేగం) వల్ల ద్రవం బరువు రెట్టింపైతే ముళ్లు దగ్గరదగ్గరగా వస్తాయి, మీ లెక్కలో తలతన్యత సగానికి పడిపోతుంది. హెల్మ్‌హోల్ట్జ్ కాయిల్స్ (మధ్యలో ఏకరీతి క్షేత్రం ఇచ్చే ఒకేలాంటి రెండు కాయిల్స్ జత) కట్టించుకోండి. 10 సెంటీమీటర్ల వ్యాసార్థం, ఒక్కో కాయిల్‌కి 500 చుట్లు, 3.3 ఆంపియర్లు ఇస్తే మధ్యలో దాదాపు 15 మిల్లీటెస్లా, అంటే 150 గాస్ వస్తుంది. ససెప్టిబిలిటీ (క్షేత్రానికి ద్రవం ఎంతగా అయస్కాంతీకరణ చెందుతుందన్న నిష్పత్తి) 1 చుట్టుపక్కల ఉన్న ద్రవానికి ముళ్లు లేచే హద్దు సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. అంత వ్యాసార్థమున్న కాయిల్స్ మధ్య క్షేత్రం నిజంగా ఏకరీతిగా ఉండే చోటు చిన్నది, పెద్ద డిష్ కావాలంటే కాయిల్స్ కూడా పెద్దవి కావాలి. కాయిల్స్ వేడెక్కుతాయి కాబట్టి కొలిచేటప్పుడే కరెంటు ఇచ్చి, వెంటనే ఆపండి. హైడ్రోకార్బన్ ద్రవాల తలతన్యత డిగ్రీకి సుమారు 0.1 మిల్లీన్యూటన్/మీటర్ చొప్పున పడుతుంది. పది డిగ్రీలు వేడెక్కితే 1 యూనిట్ పోయినట్టే. ఆ తేడాను కూడా క్షేత్రం చేసిన పనే అనుకునే ప్రమాదం ఉంది.

ద్రవం లోతు కనీసం ఒక తరంగదైర్ఘ్యం పైన ఉంచండి. డిష్ గోడ దగ్గర క్షేత్రం ఒత్తుకుపోయి, ముందు అక్కడే ముళ్లు మొదలవుతాయి. అవి మధ్యలోకి పాకితే వాటి అమరిక గోడకు తగ్గట్టు ఉంటుంది, ద్రవానికి తగ్గట్టు కాదు. వీలైనంత వెడల్పు డిష్ తీసుకుని, అంచు దగ్గర ద్రవం క్రమంగా పల్చబడేలా వాలు పెట్టి, మధ్య భాగాన్నే లెక్కలోకి తీసుకోండి. క్షేత్రాన్ని నెమ్మదిగా పెంచాలి. ఒక్కసారిగా పైకి దూకిస్తే హద్దుకి చాలా పైన వేగంగా పెరిగే చిన్న తరంగమే ముందు లేస్తుంది, దానికీ ఈ సూత్రానికీ సంబంధం లేదు. అలాగే ముళ్లు లేచే క్షేత్రం, తగ్గించేటప్పుడు అవి పడుకునే క్షేత్రం ఒకటి కావు. పడుకునేది తక్కువ దగ్గర. హద్దు ఎప్పుడూ పెంచేటప్పుడే చూడాలి.

హద్దు దగ్గరి అయస్కాంతీకరణ నుంచి కూడా తలతన్యత లెక్కించవచ్చని కొందరు చెబుతారు. సూత్రం నిజమే, నేను మాత్రం వద్దంటాను. అందులో తలతన్యత అయస్కాంతీకరణ నాలుగో ఘాతంతో పోతుంది. అయస్కాంతీకరణలో 3 శాతం తప్పు జరిగితే జవాబులో 12 శాతం. తరంగదైర్ఘ్యంలో అదే 3 శాతం తప్పుకు 6 శాతమే. పైగా యూనిట్ల గొడవ ఒకటి. సీసా మీద "400 గాస్" అని ఉంటే దాన్ని 12.57తో భాగిస్తే మీటరుకు 32 కిలోఆంపియర్లు. ఈ భాగహారం మర్చిపోయిన లెక్కను నాలుగో ఘాతంలో పెడితే ఏమొస్తుందో చెప్పక్కర్లేదు. రెండు దారుల్లోనూ లెక్కగట్టి, రెండూ కలుస్తున్నాయా అని సరిచూసుకోవడానికి మాత్రం ఇది చాలా మంచిది.

ఫొటో తీయడమూ అంత తేలిక కాదు. నల్లటి అద్దం లాంటి ఉపరితలం మీద గదిలో ఉన్న ప్రతి దీపమూ కనిపిస్తుంది. పైనుంచి పాల తెలుపు షీటు గుండా వెలుగు వేస్తే చాలావరకు సరిపోతుంది. జర్మనీలోని బెయిరాయిత్‌లో రైన్‌హార్డ్ రిక్టర్ బృందం ఎక్స్‌రేలను పొర గుండా పంపి ముళ్ల ఎత్తు కూడా కొలిచింది. మీకు దూరమే కావాలి కాబట్టి అంత అవసరం పడదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ముళ్లు లేచే ఆ ఒక్క క్షేత్రం దగ్గర తలతన్యత మాత్రమే తెలుస్తుంది. మీ ప్రశ్న క్షేత్రంతో పాటు తలతన్యత మారుతోందా అన్నది. దానికి అన్నిటికన్నా నిజాయితీగా జవాబు చెప్పేది ఉపరితల తరంగాలే అని నా అభిప్రాయం.

క్షేత్రాన్ని ఉపరితలానికి సమాంతరంగా, అడ్డంగా పెట్టండి. అప్పుడు ముళ్లు రావు. జెలాజో, మెల్చర్ 1969లోనే చూపించినట్టు, క్షేత్రం దిశలో పయనించే తరంగాలను క్షేత్రం బిగుసుకునేలా చేస్తుంది. క్షేత్రానికి లంబంగా పయనించే తరంగాల్లో మాత్రం అయస్కాంత పదం పూర్తిగా మాయమవుతుంది! ఆ దిశలో మిగిలేవి గురుత్వం, తలతన్యత మాత్రమే. అంటే క్షేత్రం ఉంది, ద్రవం అయస్కాంతీకరణ చెంది ఉంది, అయినా మీ కొలతలో అయస్కాంత బలం వేలు పెట్టడం లేదు. తలతన్యత నిజంగా మారితే ఇక్కడ కనిపించి తీరాలి.

చేయడం కూడా కష్టం కాదు. చిన్న స్పీకర్ కోన్‌కి పల్చటి, అయస్కాంతానికి అంటుకోని బ్లేడు అతికించి, దాన్ని క్షేత్రానికి సమాంతరంగా ద్రవాన్ని తాకేలా పెట్టండి. స్పీకర్‌లోనూ అయస్కాంతం ఉంటుంది, కాబట్టి దాన్ని పొడవాటి కడ్డీతో దూరంగా ఉంచాలి. 40 హెర్ట్జ్ ఇస్తే 25 మిల్లీన్యూటన్/మీటర్, 1000 సాంద్రత ఉన్న ద్రవంలో తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. అక్కడ పునఃస్థాపక బలంలో సుమారు ఐదింట నాలుగు వంతులు తలతన్యతదే, గురుత్వానిది ఐదో వంతు. సూత్రం ఇలా ఉంటుంది:

(కోణీయ పౌనఃపున్యం, అంటే 2π × హెర్ట్జ్)² = 9.81 × తరంగసంఖ్య + (తలతన్యత ÷ సాంద్రత) × (తరంగసంఖ్య)³

తరంగదైర్ఘ్యంలో 1 శాతం తప్పు తలతన్యతలో 3 శాతం పైన తప్పవుతుంది. అందుకని ఒక్క పౌనఃపున్యం దగ్గర ఆగకుండా 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా తీసి గీత గీయండి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ తరంగం త్వరగా చచ్చిపోతుంది. క్షేత్రంలో ఈ ద్రవాల స్నిగ్ధత కూడా పెరుగుతుంది కాబట్టి క్షేత్రం ఎక్కువైతే పై పౌనఃపున్యాలు వదులుకోవాల్సి రావచ్చు. తర్వాత బ్లేడును 90 డిగ్రీలు తిప్పి, క్షేత్రం దిశలో పోయే తరంగాలనూ కొలవండి. అక్కడ అయస్కాంత బిగింపు కలిసి వస్తుంది. మామూలు సూత్రంలో వేస్తే తలతన్యత పెరిగినట్టు కనిపిస్తుంది. ఒకే డిష్‌లో, ఒకే క్షేత్రంలో, రెండు దిశల్లో రెండు అంకెలు. దీన్ని పక్కపక్కన గ్రాఫ్‌గా పెడితే మీ గైడ్‌కి గానీ రెఫరీకి గానీ వేరే వివరణ అక్కర్లేదు.

చుక్కతోనే పని చేయాలనుకుంటే సూదికి వేలాడదీయకుండా, అంతే సాంద్రత ఉన్న, కలవని ద్రవంలో తేలనివ్వండి. చిన్న ఏకరీతి క్షేత్రంలో అది గుడ్డులా సాగుతుంది. పొడవు, వెడల్పుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే విలువ, అయస్కాంతీకరణ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఆ సరళరేఖ వాలు నుంచి తలతన్యత వస్తుంది:

సాగుదల = (అయస్కాంత స్థిరాంకం × అయస్కాంతీకరణ² × వ్యాసార్థం) ÷ (16 × తలతన్యత)

ఇందులో వేయాల్సింది చుక్క లోపలి అయస్కాంతీకరణ. గోళం తన లోపలి క్షేత్రాన్ని అయస్కాంతీకరణలో మూడో వంతు మేర తానే తగ్గించుకుంటుంది, కాబట్టి బయట గాస్‌మీటర్ చూపిన క్షేత్రంతో వీఎస్‌ఎం (క్షేత్రంతో పాటు అయస్కాంతీకరణ ఎలా మారుతుందో కొలిచే పరికరం) గ్రాఫ్‌లోకి నేరుగా వెళ్లకూడదు. సాగుదల 5 శాతం దాటితే రేఖ వంగడం మొదలవుతుంది, అక్కడ ఆపేయండి. 1982లో బాక్రీ, సలాన్ ఇలాంటి చుక్కల సాగుదలతోనే మిల్లీన్యూటన్/మీటర్‌లో వెయ్యోవంతు స్థాయి తలతన్యత కొలిచారు. ఏ రింగూ అంత తక్కువ విలువను పట్టలేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇలా వచ్చేది రెండు ద్రవాల మధ్య తలతన్యత. దాన్ని మీ 26తో పోల్చకూడదు.

తలతన్యత క్షేత్రంతో అసలు మారనే మారదా అంటే, అలా అనను. ద్రవం సరిగ్గా స్థిరపడకపోతే రేణువులు గొలుసులు కడతాయి, క్షేత్రంలో ద్రవం గాఢమైన భాగం, పల్చని భాగంగా విడిపోవచ్చు. అప్పుడు ఉపరితలం దగ్గర ఉన్నది వేరే ద్రవమే. కానీ ఒలీయిక్ ఆమ్లం పూత బాగా పట్టిన, 10 నానోమీటర్ల రేణువులున్న మంచి నమూనాలో కొన్ని పదుల మిల్లీటెస్లాల దగ్గర, అయస్కాంత పదాలన్నీ సరిగా వేసిన తర్వాత మిగిలే తేడా కొలత తప్పుల్లో కలిసిపోవడమే నేను ఎక్కువగా చూశాను. 26 నుంచి 34కి, 26 నుంచి 19కి మార్పు వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది లెక్కనే.

పేపర్ విషయానికొస్తే, క్షేత్రం లేని 26ను ఉష్ణోగ్రతతో సహా రాయండి. కిరోసిన్ ఆవిరవుతుంది కాబట్టి కొలత మొదట్లో, చివర్లో సాంద్రత చూసి అదీ రాయండి. 34ను, 19ని తలతన్యత అనే శీర్షిక కింద పెట్టకండి. పెట్టాలనిపిస్తే "సవరించని రీడింగ్" అని రాసి, డిష్ దగ్గర రెండు ఎత్తుల్లో గాస్‌మీటర్ రీడింగులు, చుక్క వ్యాసార్థం, అయస్కాంతీకరణ పక్కనే ఇవ్వండి. మీ వీఎస్‌ఎం గ్రాఫ్, ద్రవం సాంద్రత ఇక్కడ పెడితే ముళ్లు ఏ క్షేత్రం దగ్గర లేవాలో, వరుసల దూరం ఎంత రావాలో లెక్కగట్టి చెబుతాను. కాయిల్స్ చుట్టించే ముందు ఆ అంకె చేతిలో ఉంటే వైరు మందం, కరెంటు నిర్ణయించుకోవడం తేలిక.